కొలువు పలుకులు, పొత్తు పలుకులు: ఆంగ్లేయ జాతీయముల లక్షణావిచారము

ఆంగ్లభాష నభ్యసించు తెలుఁగువారికి వ్యాకరణముకంటెను, వర్ణక్రమముకంటెను గష్టతరమైన దొకటి కలదు. అది యా భాషలోని పలుకుబడి. ప్రతిపదమునకును నిఘంటువున నర్థము దొరకును. ఆ యర్థముల నన్నిటిని గూర్చినను వాక్యార్థము మాత్రము దొరకదు. ఒక యుద్యోగికి 'సాక్' ఇచ్చిరని యాంగ్లేయుఁడు చెప్పినయెడల నాతనికి గోనెసంచి లభించెనని కాక, యాతని కొలువు పోయెనని యర్థము. తోడివారు వానిని 'కవెంట్రీ'కిఁ బంపిరనఁగా నా పట్టణమునకుఁ బ్రయాణము చేయించిరని కాదు, వానితో మాటలాడుట మానిరని. కొలువు, విధి, తోడివారితోడి పొత్తు అను నీ విషయములందే యిట్టి పలుకులు మిక్కిలిగా నుండుట గమనింపఁదగినది. మనుష్యుఁడు పగలెల్ల నెవరితోఁ గూడి యే పని చేయునో, యా పనిముట్లనుండియే వాని నుడికారము పుట్టును గదా.

తెలుఁగున 'పలుకుబడి' యను మాటయే యిందుల కొక నిదర్శనము. పలుకు నడచు తీరు, అనఁగా వాడుక, దీనికి శాస్త్రకారు లెఱిఁగిన యర్థము. లోకమునఁ బ్రసిద్ధమైన యర్థము వేఱు: పెద్దలకడ మాట చెల్లుట. 'వానికిఁ గచ్చేరిలోఁ బలుకుబడి కలదు' అన్నప్పుడు వాఁడు మంచి జాతీయములను బ్రయోగించునని యెవ్వరు ననుకొనరు. పలుకుబడికిఁ బెట్టిన పేరే పలుకుబడియై పోయినది.

ఆంగ్లమున నీ విషయమును బరిశీలించిన గ్రంథములు పెక్కులు. వానిలో రెండు భిన్నములైన పోకడలకు మచ్చుగా నుండఁదగినవి. 1870 లో బ్రూవరు ప్రకటించిన పదబంధ కథా నిఘంటువు మొదటిది. 1925 లో లోగన్ పియర్సాల్ స్మిత్తు ప్రకటించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథము రెండవది. బ్రూవరు పలుకునకు వెనుక నొక కథను వెదకును. చదువుట కంత యింపైన పుస్తక మరుదు; ప్రమాణముగాఁ గొనుటకు మాత్రము జంకవలసి యుండును. స్మిత్తు పలుకుల నవి పుట్టిన వృత్తులనుబట్టి కూర్చెను: ఓడవారివి, వేఁటకాండ్రవి, సేద్యగాండ్రవి, వంటయింటివి, శరీరావయవములకు సంబంధించినవి. ఆంగ్లేయుల నుడికారము పండితుల గ్రంథములనుండి కాక, చేతిపని చేయు జనుల నోటినుండి వచ్చినదని యీ కూర్పువలన విశదమగును. ఇది గొప్ప యుపకారమే. అయినను నా విభాగము పలుకుల పుట్టుకను జెప్పును గాని యవి పనిచేయు తీరును జెప్పదు. ఒకే వృత్తినుండి వచ్చిన రెండు పలుకులలో నొకటి పరభాషకుఁ దరలుటయు, వేఱొకటి తరలకపోవుటయు నేల యని యడిగిన నచ్చట నుత్తరము దొరకదు. భారతీయ శబ్దశాస్త్రమునఁ గొంత దొరకును.

ముఖ్యార్థము బాధింపఁబడవలెను, లక్ష్యార్థమునకు దానితో సంబంధ ముండవలెను, రూఢి గాని ప్రయోజనము గాని హేతువు కావలెను. ఈ మూఁడును గూడినప్పుడే లక్షణ ప్రవర్తించునని మమ్మటుఁడు కావ్యప్రకాశమున నిరూపించెను. గంగమీఁద గొల్లపల్లె యనుట ప్రయోజనమునకుఁ బ్రసిద్ధోదాహరణము. గంగయొడ్డున నన్నచో రాని చల్లఁదనమును, పావనత్వమును నిందువలనఁ దోఁచును. రూఢికి మమ్మటుఁ డిచ్చిన యుదాహరణము పనిపాటలకే సంబంధించిన దగుట విశేషము. పనియందుఁ గుశలుఁడు అనునది యది. కుశలను, అనఁగా దర్భలను, గోయువాఁడు కుశలుఁడు. వాని యంచులు చేయి కోయకుండఁ గోయుటకు నేర్పు వలయును గావున నేర్పరి యని రూఢి. పనినేర్పు గలవానిని గూర్చి యాంగ్లేయులు 'నోస్ ది రోప్స్' అందురు, వాఁడు త్రాళ్లెఱిఁగినవాఁడు. తెరచాప యోడపై నే త్రాడు లాగిన నేది కదలునో తెలియుట నావికునకు మొదటి పాఠము. ఒకచోట దర్భ, మఱియొకచోటఁ ద్రాడు. నేర్పును జెప్పుటకు రెండు జాతులును దమతమ చేతిలోని వస్తువునే పట్టుకొన్నవి. ఆ త్రాళ్లను దెలుఁగు వాక్యమునఁ గట్టఁబోయిన నవి బావిత్రాళ్లగునో పలుపుత్రాళ్లగునో తెలియదు. 'ఓనమాలు దిద్దుకొనుట' యను పలుకు తెలుఁగున సిద్ధముగా నున్నది; పలకమీఁద 'ఓం నమః' అని మొదట వ్రాయించుటనుండి వచ్చి, యే పనికైనను బ్రారంభపాఠముగాఁ జెల్లుచున్నది. వడ్రంగమున నోనమాలు తెలియనివాఁ డనినప్పుడు నమస్కారమునకుఁ బని లేదు, పలకకును బని లేదు.

ఇచ్చట నొక వివాదము కలదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ గుశలోదాహరణమును ద్రోసిపుచ్చెను. శబ్దమునకు వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు. కుశలశబ్దము వినఁగనే నేర్పరియే తోఁచును గాని దర్భలు కోయువాఁడు తోఁపఁడు; కావున నచట ముఖ్యార్థమునకు బాధయే లేదు, లక్షణయే లేదు. వ్యుత్పత్తినే ముఖ్యార్థముగాఁ గొన్నచో, గోశబ్దము గమనార్థకధాతువునుండి వచ్చుటచేఁ బరుండియున్న యావును గోవనుటయు లాక్షణికమే కావలసి వచ్చును. వైయాకరణులలో నాగేశభట్టు ఇంకొక యడుగు ముందునకుఁ బోయి, లక్షణను వేఱువృత్తిగా నంగీకరింపక, శక్తియే ప్రసిద్ధ యనియు నప్రసిద్ధ యనియు రెండు తెఱఁగులని చెప్పెను.

ఇది కేవలము శాస్త్రవినోదము కాదు. ఆంగ్లజాతీయములను బడులలోఁ గథలతో నేర్పుట తగునా తగదా యను ప్రశ్న దీనిపై నాధారపడియున్నది. 'కోల్డ్ షోల్డర్' అను పలుకు నుదాహరింపవచ్చును. ఒకనిని దూరముగా నుంచి నిరాదరించుట దీని యర్థము. అక్కఱలేని యతిథికి వేఁడివంటకము పెట్టక చల్లాఱిన గొఱ్ఱెభుజపు మాంసమును బెట్టుటనుండి యిది పుట్టెనని కథ చెప్పుదురు. వాల్టరు స్కాటు 1816 లోఁ బ్రకటించిన 'ది యాంటిక్వరీ' యను నవలలో నీ పలుకు కనఁబడును. అచ్చట నది యెదుటివానికి భుజము త్రిప్పి చూపుటయే గాని భోజనము కాదు. కవెంట్రీ కథయు నిట్టిదే. 17వ శతాబ్ది యంతర్యుద్ధమున రాజపక్షపు బందీల నా పట్టణమునకుఁ బంపిరని క్లారెండను చరిత్రమున నున్నది నిజమే. ఆ సంఘటనమునకును, పలుకు వాడుకలోఁ గనఁబడుటకును నడుమ నూఱేండ్లకుఁ బైఁబడిన యెడము కలదు. కథ బాగున్నదని యా యెడము పూడదు.

కథ నిజమైనప్పుడు సయితము దానివలన నర్థమునకు వచ్చు లాభ మల్పము. 'డెడ్‌లైన్' అనునది 1864 లో నమెరికా యంతర్యుద్ధమున జార్జియాలోని యాండర్సన్‌విల్ చెఱలోని హద్దు; దానిని దాఁటిన బందీని గావలివాఁడు కాల్చివేయును. ఆ మాటయే పిమ్మట పత్రికాకార్యాలయములకును, సమస్తోద్యోగములకును వ్యాపించి, పని ముగింపవలసిన వేళ యని యర్థమిచ్చుచున్నది. వేళ దాఁటిన గుమస్తాను నెవ్వరును గాల్పరు. తెలుఁగున 'గడువు' అను చక్కని మాట యుండఁగా దీనిని 'మృత్యురేఖ' యని తెనిఁగించుట యెంత హాస్యాస్పదమో చెప్పనక్కఱలేదు. ఇంకొకటి: ఆజ్ఞకు లోఁబడి నడచుటను 'టో ది లైన్' అందురు, కాలివ్రేలిని గీఁతకుఁ జేర్చి నిలుచుట దాని మూలము. లాగుట యను నర్థముగల సమానోచ్చారణపదమును గాలివ్రేలికి బదులు వ్రాయువా రాంగ్లేయులలోనే కలరని జార్జి ఆర్వెల్ 1946 లోఁ బ్రకటించిన వ్యాసమున నెత్తిచూపి, వ్రాయువారు తమ పలుకులోని చిత్రమును జూచుట మానిరనుటకు దీనిని సాక్ష్యముగాఁ జూపెను. ఆతని కది దోషము. శాబ్దికదృష్టికి మాత్ర మది విశ్వనాథుని పక్షమునకు సాక్షి: చిత్రము చెడినను నర్థము చెడలేదు. గీఁతకు వ్రేలు చేర్చినను, గీఁతను లాగికొనిపోయినను ఉద్యోగి విధేయుఁడే.

ఇఁక దెలుఁగుసేఁతల విషయము. 'సాక్' ఇచ్చుట యనునది పనివాఁడు తన పనిముట్ల సంచిని దీసికొని పోవుటనుండి వచ్చెనని పలువు రందురు. ఫ్రెంచిలో నిట్టి పలుకు పూర్వమే కలదని 1611 లో వెలువడిన కాట్‌గ్రేవు నిఘంటువువలనఁ దెలియుచున్నది. తెలుఁగున నదే సందర్భమునకు 'ఉద్వాసన చెప్పుట' యను పలుకు కలదు. పూజాంతమున నావాహితదేవతను సగౌరవముగా సాగనంపుట యుద్వాసనము. ఆ మాటను గొలువునుండి తొలఁగింపఁబడిన గుమస్తాకుఁ బ్రయోగించిన మొదటివాఁ డెవ్వఁడో గాని చమత్కారి. నిన్నటిదాఁకఁ గుర్చీపై దేవతవలె నుండినవానిని నేఁడు మంత్రము చదివి పంపివేసిరి! ఇందలి యెత్తిపొడుపు గోనెసంచిలో లేదు. ఇట్లే శ్రద్ధలేక చేసిన పనిని 'మొక్కుబడి' పని యందురు. మొక్కుబడి యనఁగా భక్తితోఁ జెల్లింపవలసినది. అది భక్తి తొలఁగి చెల్లింపు మాత్రము మిగిలిన విధమును జెప్పుటకుఁ గుదిరినది. కొలువు పలుకులకు నాంగ్లేయులకు సముద్రమును, జూదపుబల్లయు నెంత యాకరములో, తెలుఁగువారికి దేవతార్చనయు, వ్యవసాయమును నంత యాకరములు.

జూదపుబల్ల మాట వచ్చినది గావున నొకటి చెప్పఁదగును. బాధ్యతను దనమీఁదనుండి పరునిమీఁదికిఁ ద్రోయుటను 'పాస్ ది బక్' అందురు. అమెరికా పేకాటలోఁ బంచు వంతు ఎవరిదో చూపు గుఱుతు బక్కు. రాష్ట్రపతి ట్రూమను బల్లమీఁద, బక్కు ఇచ్చటనే యాఁగునని వ్రాసిన పలక 1945 నుండి యుండెను. ఆ పేకాట నెఱుఁగని యాంగ్లేయులు సయితము దీనిని నిరాఘాటముగా వాడుదురు. భాష యొక్కటియే గావున రూఢి మొత్తముగాఁ దరలినది. భాష మాఱినచో రూఢి తరలదు, వస్తువు మాత్రమే తరలును. మిగిలినది పేకముక్క.

అనువాదమునఁ గలుగు ప్రమాదములలో మిక్కిలి మోసకరమైనది, వస్తువు రెండు భాషలందు నున్నను రూఢి వేఱగుట. త్రాడు, గోనె, బక్కు అపరిచితములు గావున ననువాదకుఁడు జంకును, పరిచితమైనచోట జంకఁడు. 'గివ్ ఎ హ్యాండ్' అనఁగా సాయపడుట. తెలుఁగున 'చేయిచ్చుట' యనఁగా నమ్మించి మోసగించుట. కష్టకాలమున మిత్రుఁడు చేయిచ్చెనని తెనిఁగించిన నాంగ్లేయుని యుపకారము తెలుఁగున ద్రోహమగును. తెలుఁగువాఁడు సాయపడునప్పుడు చేయి యందించును, చేయూఁత నొసఁగును, బాధ్యత వదలించుకొనునప్పుడు చేతులు దులుపుకొనును, అశక్తుఁడైనప్పుడు చేతులెత్తివేయును. చేతులు రెండే యైనను వాని వ్యవహారము లిన్ని. ఇందు ముఖ్యార్థము రెండు భాషల కొక్కటే. తెలుఁగు రూఢి యెదురై నిలిచి యాంగ్లరూఢిని లోనికి రానీయదు.

శీతోష్ణముల విషయ మింకను జిత్రమైనది. ఆంగ్లేయులు ప్రేమతోడి యాదరమును వెచ్చనిదందురు, నిరాదరమును జల్లనిదందురు. చలిదేశమున వెచ్చఁదనము ప్రియమగుట సహజము. తెలుఁగుదేశమున నెండ యెక్కువ. తల్లి 'చల్లఁగా నుండు నాయనా' యని దీవించును. మేలు చేసినవానిని 'నీ కడుపు చల్లఁగా' నని దీవింతురు. దయగల చూపు చల్లనిచూపు, కోపగాని మాట వేఁడిమాట. మంత్రికి 'వెచ్చని స్వాగతము' లభించెనని పత్రికలలోఁ జదివిన తెలుఁగుముసలమ్మ యేమనుకొనవలయును? ఇచ్చట లక్షణకు హేతువు ప్రయోజనమే; కాని యా ప్రయోజనము దేశపు గాలినిబట్టి తలక్రిందగుచున్నది. గంగమీఁది గొల్లపల్లెలోఁ జల్లఁదనము గుణముగాఁ దోఁచుటయు నీ దేశపు టెండవలననే. అపరిచితుల నడుమ మొదటి మాట కదల్చుటకు నాంగ్లేయులు 'బ్రేక్ ది ఐస్' అందురు. లాటినున నిదియే ఎరాస్మసు కూర్చిన సామెతలలోను గలదు. మంచు గడ్డకట్టిన నదిలో మొదటి పడవ కష్టమును జూచినవారి కది సార్థకము. గోదావరి గడ్డకట్టదు.

అంతమాత్రమున నన్యభాషాజాతీయము లెల్ల వర్జ్యము లనుట పొరపాటు. అట్లు చెప్పు పండితులు కలరు. వారి శిష్యులే మఱునాఁడు 'పాత్ర వహించుట', 'దృష్టిలో నుంచుకొనుట' మొదలగువానిని సంకోచింపక వ్రాయుదురు. ఒక కార్యమునఁ బాత్ర వహించుట యాంగ్లచ్ఛాయయే. అయినను నాటకము తెలుఁగువారికి నున్నది. వేషధారి తన వంతు నిర్వహించుట యందఱును జూచినదే. సాదృశ్యము కన్నులకుఁ గట్టుచున్నది గావున రూఢి యాశ్రయము లేకయే యది నిలిచి, పిమ్మటఁ దానే రూఢియైనది. 'రెడ్ టేప్' వేఱుత్రోవను వచ్చినది. ఆంగ్లదేశపుఁ గచ్చేరులలోఁ గాగితపుఁగట్టలకుఁ గట్టిన యెఱ్ఱనాడానుబట్టి దస్త్రముల జాప్యమున కా పేరు వచ్చెను. కార్లైలు, డికెన్సు మొదలగువారి వ్రాఁతలవలన నది వ్యాపించెను. ఆ నాడా కలెక్టరు కచ్చేరులకును వచ్చినది, జాప్యమును వెంట వచ్చినది. వస్తువును, దాని దుర్గుణమును గూడ దిగుమతియైన పిదప మాటకుఁ బన్ను విధించుట న్యాయము కాదు.

కొన్ని పలుకులు తరలవలసిన పనియే లేదు. పొందు జీతమునకుఁ దగినవాఁ డనుటకు నాంగ్లేయులు తన యుప్పునకుఁ దగినవాఁ డందురు. రోమక సైనికుల కుప్పునే జీతముగా నిచ్చిరను కథకు గట్టి సాక్ష్యము లేదు గాని, జీతవాచకమైన లాటిను పదము లవణశబ్దమునుండి వచ్చుట నిజము. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని తెలుఁగువారు నందురు. రెండు చోటుల నుప్పు కొలువునకు గుఱుతు. అయినను జూచిన భేదము కలదు: ఆంగ్లేయుని యుప్పు పనివాని యోగ్యతను దూఁచును, తెలుఁగువాని యుప్పు కృతజ్ఞతను గోరును. ఒకటి బేరము, ఇంకొకటి ఋణము.

పదమును విడిచి యర్థమును బట్టుకొన్న యనువాదమునకు 'బాయికాట్' మేలైన నిదర్శనము. అది యొకమనుష్యుని పేరు. 1880 లో ఐర్లండునందలి మేయో మండలమున భూస్వామి ప్రతినిధియైన కెప్టెన్ బాయికాట్టుతోఁ గౌలుదారులును, గ్రామస్థులును బని, బేరము, మాట సర్వమును మానిరి. ఆ యేఁడే యాతని పేరు క్రియగా మాఱెను. తెలుఁగువారు దీనికి 'బహిష్కారము' అనిరి; పల్లెలలో 'వెలి' యను మాట పూర్వమే కలదు. కెప్టెను పేరు తెలుఁగునఁ దొలఁగినను నర్థమున కేలోపమును రాలేదు.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. 'కాడి పాఱవైచుట' యనఁగాఁ బూనిన పనిని నడుమ విడుచుట. నేఁటి విద్యార్థి ట్రాక్టరును జూచెను గాని కాడిని జూడలేదు, ఉద్వాసనమంత్రమును వినలేదు. వానికి నాంగ్లేయుల త్రాళ్లెంత దూరమో తెలుఁగు కాడియు నంత దూరమే గదా, యిఁక దీని యెక్కువ యేమి? ఈ యాక్షేపము బలమైనది. కాడిని జూపి దీనికి సమాధానము చెప్పువారు విశ్వనాథుని మఱచినవారు. కాడిని జూడనివానికిని బలుకు తెలియుట వృద్ధవ్యవహారమువలన. పెద్దవాఁడు 'ఆవును దెమ్ము' అనును, రెండవవాఁడు తెచ్చును, చూచుచున్న బాలుఁడు పదముల శక్తిని గ్రహించును. శాస్త్రకారులు చెప్పిన యీ దృష్టాంతమే యొక యజమానుని, ఒక పనివాని కథ. ఇంటను, వీథిని, పొలమునఁ బలుమాఱు విన్నవానికిఁ గాడి యక్కఱలేదు. ఆంగ్లపలుకు వానికట్లు చెవిఁబడలేదు, అదియే భేదము.

కావుననే బడిలో నాంగ్లజాతీయములను బట్టీలుగా వ్రాయించి, యెదుట నర్థము వ్రాయించుట వృథాశ్రమ. అమరకోశము కంఠస్థము చేయించిన యలవా టిచ్చటఁ బనికిరాదు. అచ్చట నామములు, ఇచ్చట సందర్భములు. ఎవఁ డెవనితో, నెవని పరోక్షమున నామాట యనవచ్చునో తెలియనిచో నర్థము తెలిసియుఁ దెలియనట్లే. తొలఁగింపఁబడినవానితో మొగముమీఁద 'సాక్' అనుట మర్యాద కాదని యే పట్టికయుఁ జెప్పదు. ఉద్వాసన మాటయు నంతే. అది వానిముందఱ నన్నచో జగడము, వెనుక నన్నచో నవ్వు.

ఆంగ్లమునుండి తెలుఁగునకు వచ్చునప్పటి ప్రమాదములే యెక్కువగాఁ జర్చింపఁబడుచున్నవి. తెలుఁగునుండి యాంగ్లమునకుఁ బోవునవి యంతకంటెఁ దక్కువవి కావు. 'పెండ్లినాఁటికిఁ బదివే లిత్తునన్న బావమఱఁది తీరా వేళకుఁ జేయిచ్చెను' అను వాక్యము నొక విద్యార్థి పదమునకుఁ బద మాంగ్లీకరించినచో, నా బావమఱఁది పరమోపకారియై నిలుచును. దిద్దు నుపాధ్యాయుఁ డాంగ్లేయుఁడైనచోఁ దప్పు గీఁత సయితము పడదు.